వేల్స్ పల్లెలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలంటే: ఊరు ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి బస్సు దాకా

బ్రిటన్‌లో ఉండే మనవాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్ లాంటి పెద్ద స్టేడియాలకు వెళ్లాలని తహతహలాడతారు. టికెట్ దొరకదు. దొరికినా జేబుకు చిల్లే. అదే మాంచెస్టర్ నుంచి కారులో పడమటికి రెండు గంటలు పోతే, నాలుగైదు పౌండ్లకే మ్యాచ్ చూడొచ్చు. ఆటగాడి బూటు బంతికి తగిలిన చప్పుడు వినపడేంత దగ్గర్లో నిలబడొచ్చు. చుట్టూ కొండలు, పక్కన గొర్రెలు, చెవిన పడేదంతా వెల్ష్ భాష.

నా ఉద్దేశంలో ఇక్కడ మైదానం కంటే ఊరు ముఖ్యం. ఎన్ని గ్రౌండ్లు చూశామని లెక్కలు రాసుకుంటూ ఒకే రోజు మూడు మ్యాచ్‌లు చుట్టేసే అభిమానులు చాలామందే ఉన్నారు. వాళ్ల సరదా వాళ్లది. మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం ఒక ఊరు, ఒక మ్యాచ్ పెట్టుకోవడం మేలు. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్కనే రాశాను.

1. ముందు లీగుల మెట్లు తెలుసుకోండి

వేల్స్ ఫుట్‌బాల్ సంఘం 1876లో పుట్టింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సంఘాల తర్వాత ప్రపంచంలో మూడోది ఇదే. మనకు బాగా తెలిసిన కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్ జట్లు ఇంగ్లండ్ లీగుల్లో ఆడతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. వేల్స్ సొంత లీగుల్లో అన్నిటికన్నా పైది కమ్రీ ప్రీమియర్ (కమ్రీ అంటే వెల్ష్‌లో వేల్స్), 1992లో మొదలైంది. దాని కింద కమ్రీ నార్త్, కమ్రీ సౌత్. మూడో మెట్టులో అర్డాల్ లీగులు, దిక్కుకొకటి చొప్పున నాలుగు. ఆ కింద నార్త్ వేల్స్ కోస్ట్ లీగు లాంటి ప్రాంతీయ లీగులు, ఇంకా కింద ఆంగ్లసీ, కెరెడిగియన్ లాంటి చోట్ల జిల్లా లీగులు.

మనకు కావాల్సింది మూడో మెట్టు, అంతకంటే కిందివి. అక్కడ ఆడేవాళ్లు వారమంతా పొలంలోనో, బడిలోనో, వర్క్‌షాప్‌లోనో పనిచేసుకుని శనివారం బూట్లు కట్టుకునేవాళ్లు. జట్లు ఏటా పైకీ కిందికీ మారుతుంటాయి. అందుకే ఏ క్లబ్ ఏ లీగులో ఉందన్నది ఇక్కడ రాయడం లేదు, వెళ్లే సీజన్‌లో మీరే చూసుకోండి. పై మెట్టు కూడా మరీ అందనంత ఎత్తులో ఏమీ లేదు. కేర్నార్వన్ టౌన్ చిన్న పట్టణపు క్లబ్బే, 2024లో యూరప్ కాన్ఫరెన్స్ లీగ్ అర్హత పోటీల దాకా వెళ్లి పోలండ్ జట్టు లెగియా వార్సాతో ఆడింది.

2. ఊరు ఎంచుకోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తం మీద వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతం. వాయవ్యాన ఉన్న గ్వినెద్ జిల్లాలో 64.4 శాతం, ఆంగ్లసీలో 55.8, కెరెడిగియన్‌లో 45.3. అంటే మైదానం గీత పక్కన నిలబడి వెల్ష్ వినాలనుకుంటే వాయవ్యానికో, నడుమ పడమటి తీరానికో పోవాలి. కార్డిఫ్ చుట్టుపక్కల తిరిగితే లాభం లేదు.

*పలక రాయి ఊళ్లు.* నన్నడిగితే ముందు ఇక్కడికే వెళ్లమంటాను. గ్వినెద్ కొండల్లో ఇంటి కప్పులకు వేసే పలక రాయిని తవ్వి ప్రపంచమంతా అమ్మారు. ఆ ప్రాంతాన్ని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. క్వారీలు చాలావరకు మూతపడ్డాయి, ఊరి ఫుట్‌బాల్ జట్లు మిగిలాయి.

బ్లైనై ఫెస్టినియోగ్ ఊరికి దక్షిణపు కొసన, మానోడ్ వైపు కై క్లీడ్ అనే మైదానం ఉంది. ఊరి చుట్టూ నేషనల్ పార్క్ ఉంటుంది. క్వారీ రాళ్ల గుట్టల వల్ల ఊరిని మాత్రం పార్క్ హద్దుల్లోంచి తప్పించారు. గుట్టలు దాటి కై క్లీడ్ చేరాక ఆ గీత ఎవరు గీశారో అనిపిస్తుంది. పిచ్ ఒక గిన్నె అడుగున పరిచినట్టుంటుంది, పక్కనే 661 మీటర్ల మానోడ్ మౌర్ కొండ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో లండన్ నేషనల్ గ్యాలరీ చిత్రాలను తెచ్చి దాచింది ఈ కొండ లోపలి క్వారీలోనే. మేఘం దిగిందంటే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో అరుపులను బట్టి ఊహించుకోవాల్సిందే. ఎండ కాసినప్పుడు బ్రిటన్‌లో ఇంతకన్నా అందమైన మైదానం లేదని నేను వాదిస్తాను. అయితే ఎండ కాయడమే గగనం, ఈ ఊరు వానకు పెట్టింది పేరు.

పెనగ్రోయ్స్‌లో నాంట్లె వేల్ జట్టు మైదానం మైస్ డిలిన్. 1960లలో ఈ జట్టుకు ఆటగాడిగానూ మేనేజర్‌గానూ ఉన్నది ఓరిగ్ విలియమ్స్. 'ఎల్ బండిటో' పేరుతో ప్రపంచమంతా తిరిగిన మల్లయోధుడు. ఆయన హయాంలో ఈ జట్టుతో ఆడాలంటే ఎదుటివాళ్లకు కాళ్లు వణికేవట. పెద్దవాళ్లెవరైనా పక్కన నిలబడితే ఆయన పేరు ఎత్తి చూడండి, హాఫ్ టైమ్ దాకా కథలే.

బెథెస్డాలో పార్క్ మైరిగ్ ఉంది. 1900 నుంచి 1903 దాకా పెన్‌రిన్ క్వారీ కార్మికులకూ యజమానికీ మధ్య గొడవ నడిచి ఊరు రెండుగా చీలిపోయింది. సమ్మెలో నిలిచినవాళ్లు 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని రాసిన కాగితాలను కిటికీలకు అతికించారు. ఆ మాట నేటికీ అక్కడివాళ్లకు కంఠతా వచ్చు. ఇలాంటి ఊరి జట్టు పక్క ఊరి జట్టుతో తలపడుతుంటే దాన్ని ఉత్త ఆట అనుకోలేం. ల్లన్‌రిగ్ ఊరి ఐథిన్ డియన్ మైదానం, స్నోడన్ కొండ కింద ల్లన్‌బెరిస్ మైదానం కూడా ఈ చుట్టుపక్కలవే.

*ల్లీన్ ద్వీపకల్పం.* పటం మీద సముద్రంలోకి చాచిన చెయ్యిలా కనపడేది ఇదే. నెవిన్ ఊళ్లో కైర్ డెలిన్, రైలు ఆఖరి స్టేషన్ పుల్‌హెలిలో మరో క్లబ్. ఒకప్పుడు ఇక్కడ చాపెల్ (ఊరి ప్రార్థన మందిరం) మాటే వేదవాక్కు. 1881 చట్టం వేల్స్‌లో ఆదివారం మద్యం అమ్మకాన్ని ఆపింది. ఆ నిషేధాన్ని అందరికంటే చివర, 1996లో, వదులుకున్నది ఈ ప్రాంతమే. ఇప్పుడున్న బెంగ వేరు. ఇళ్లను సెలవుల కోసం బయటివాళ్లు కొనేస్తుంటే ధరలు పెరిగి కుర్రాళ్లు ఊళ్లో ఉండలేకపోతున్నారు. 2023 ఏప్రిల్ నుంచి గ్వినెద్ కౌన్సిల్ రెండో ఇళ్ల మీద అదనపు పన్నును 150 శాతానికి పెంచింది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఊరు వదిలిపోతే వారం వారం పదకొండు మందిని ఎక్కడ తెచ్చేది?

*బాలా, డోల్‌గెల్లీ వైపు.* బాలా టౌన్ మైదానం మైస్ టెగిడ్, వేల్స్‌లోకెల్లా పెద్ద సహజ సరస్సు ఒడ్డున ఉంటుంది. కృత్రిమ గడ్డి కాబట్టి వానలకు భయం లేదు. అదే సరస్సుకు అవతలి కొసన ల్లన్‌యూఖ్‌లిన్ అనే చిన్న ఊరు, దానికీ ఒక జట్టు. వెల్ష్ పిల్లల సంఘం 'ఉర్ద్'ను 1922లో స్థాపించిన ఇవాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ ఈ ఊరివాడే. ఊరి మొగలో ఆయనకూ తండ్రికీ విగ్రహాలున్నాయి. రెండింటిలో ఒకటే చూడగలిగితే నేను ల్లన్‌యూఖ్‌లిన్‌కే ఓటేస్తాను.

*కెరెడిగియన్.* ఆబరిస్ట్విత్ పక్కన పెన్‌రిన్‌కోఖ్ ఊరికి కై బేకర్, బో స్ట్రీట్ ఊరికి కై పియోడ్ మైదానాలు. బో స్ట్రీట్ పేరు ఇంగ్లిషే గానీ ఊరు వెల్ష్‌దే. కారు లేనివాళ్లకు ఇది చక్కటి ఎంపిక. దశాబ్దాల పాటు మూతపడిన రైల్వే స్టేషన్‌ను 2021లో మళ్లీ తెరిచారు.

ఆంగ్లసీ ద్వీపంలో దాదాపు ప్రతి ఊరికీ జట్టుంది. ల్లన్‌గెవ్ని, బోడెడర్న్, గ్వల్ఖ్‌మై, కెమైస్, ఆమ్లుఖ్... వరసగా చూడాలనుకునేవాళ్లకు బాగుంటుంది. కొండలు లేవు, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది.

3. తేదీ, సమయం, వాన

సీజన్ ఆగస్టు నుంచి మే దాకా. మగవాళ్ల మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నం ఉంటాయి. మామూలుగా రెండు, రెండున్నరకు మొదలవుతాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. కింది లీగుల్లో లైట్లు లేని మైదానాలే ఎక్కువ కాబట్టి, చలికాలంలో ఒకటిన్నరకే మొదలుపెట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వాయిదా పడ్డ మ్యాచ్‌లన్నీ వారం మధ్య సాయంత్రాల్లో ఆడతారు. అప్పటికి ఎనిమిది దాటినా వెలుతురు ఉంటుంది. ఏ నెల మంచిదంటే నేను ఏప్రిలే అంటాను. పొలాల్లో గొర్రెపిల్లలు, లీగు పట్టికలో పోటీ, రెండూ ఒకేసారి చూడొచ్చు. ఆడవాళ్ల మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం ఉంటాయి. రాత్రి ఉండే వీలుంటే రెండు రోజుల్లో రెండూ చూడొచ్చు.

మ్యాచ్‌ల వివరాలకు 'కమ్రీ ఫుట్‌బాల్' వెబ్‌సైట్ చూడండి, కింది లీగులు కూడా అందులో ఉంటాయి. అంతటితో ఆగొద్దు. ఆ క్లబ్ ఫేస్‌బుక్, ఎక్స్ పేజీలు ముందు రోజే ఫాలో అవ్వండి. ఇంటి జట్టుదే కాదు, వచ్చే జట్టుది కూడా. వాయిదా సంగతి ఒక్కోసారి వచ్చే జట్టు పేజీలోనే ముందు పడుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాయిదాలు మామూలే. శనివారం పొద్దున్నే ఎవరో ఒకరు పిచ్ మీద నడిచి, నీళ్లు నిలిచాయా, గడ్డకట్టిందా అని చూసి చెప్తారు. ఆ కబురు తొమ్మిది, పది గంటల మధ్య వస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు అప్పటికే దారిలో ఉంటారు. అందుకే చలికాలంలో వెళ్తుంటే రెండో మ్యాచ్ ఒకటి జేబులో పెట్టుకోండి. బాలా లాంటి కృత్రిమ పిచ్ కావచ్చు, తీరం పక్కన ఇసుక నేల మీది మైదానం కావచ్చు. కొండ ఊళ్లో ఆగిపోయిన రోజు కూడా తీరంలో ఆడుతుంటారు. పోస్ట్ వెల్ష్‌లోనే ఉంటే కంగారు పడొద్దు, ఫోన్‌లో అనువాదం నొక్కితే సంగతి తెలిసిపోతుంది.

4. చేరుకోవడం

కారుంటే సుఖమే, కానీ మూడు సంగతులు గుర్తుంచుకోండి. 2023 సెప్టెంబరు నుంచి వేల్స్‌లో ఇళ్లున్న వీధుల్లో వేగ పరిమితి గంటకు 20 మైళ్లు. కొన్ని రోడ్లను తర్వాత మళ్లీ 30కి మార్చారు కాబట్టి బోర్డు చూసి నడపండి. పల్లె దారులు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే, దారి వెడల్పు చేసిన చోటు మీకు దగ్గరగా ఉంటే వెనక్కి వెళ్లాల్సింది మీరే. దారిచ్చినవాళ్లకు చెయ్యెత్తి దండం పెట్టినట్టు చూపడం అక్కడి మర్యాద. మూడోది, పొలం గేటు ముందు కారు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. శనివారం సాయంత్రమైనా రైతుకు గేటుతో పని పడుతుంది.

రైలు, బస్సుల్లో వెళ్లేవాళ్లకు మూడు దారులు చెప్తాను.

బర్మింగ్‌హామ్ వైపు నుంచి వచ్చే రైలు మాఖన్‌లెత్‌లో రెండుగా విడిపోతుంది. సగం ఆబరిస్ట్విత్‌కు, సగం తీరం వెంట పుల్‌హెలికి. ఏ పెట్టె ఎక్కడికి పోతుందో ముందే గార్డును అడగండి. ఈ పుల్‌హెలి దారి మ్యాచ్ లేకపోయినా ఎక్కాల్సిందే. బార్మత్ దగ్గర సముద్రపు పాయ మీద చెక్క వంతెన, హార్లెక్ కోట, ఆపైన పోర్త్‌మాడోగ్. అక్కడ 'అ త్రైథ్' మైదానానికి స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు, పెద్ద నిలబడే గట్ల మీంచి కొండల వరస కనపడుతుంది. ఈ దారిలో చాలా చిన్న స్టేషన్లలో అడిగితేనే రైలు ఆపుతారు. దిగాలంటే గార్డుకు చెప్పాలి, ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీద చెయ్యి చాచాలి.

రెండోది, ల్లన్‌డిడ్నో జంక్షన్ నుంచి బ్లైనై ఫెస్టినియోగ్ వెళ్లే కాన్వీ లోయ రైలు, దాదాపు గంట ప్రయాణం. రోజుకు కొన్ని రైళ్లే. వరదలొస్తే పట్టాలు మునిగి రైళ్ల బదులు బస్సులు వేస్తారు. స్టేషన్ నుంచి కై క్లీడ్‌కు అరగంట నడక అనుకోండి.

మూడోది, ట్రాస్‌కమ్రీ బస్సులు. బాలాకు రైలు లేదు. రెక్సమ్ నుంచి బయల్దేరే టీ3 బస్సు బాలా, ల్లన్‌యూఖ్‌లిన్, డోల్‌గెల్లీ మీదుగా బార్మత్ పోతుంది. బ్యాంగర్ నుంచి కేర్నార్వన్, పోర్త్‌మాడోగ్, డోల్‌గెల్లీ మీదుగా ఆబరిస్ట్విత్‌కు టీ2. ఈ రెండు బస్సులు తెలిస్తే సగం గ్వినెద్ చుట్టేయొచ్చు. వెళ్లేటప్పటి టైమ్ కంటే వచ్చేటప్పటి టైమ్ ముందు చూసుకోండి.

5. సంచిలో ఏముండాలి

పైన వాన కోటు, కింద బురదను తట్టుకునే బూట్లు. గొడుగు వద్దు, ఆ గాలికి తిరగబడుతుంది, వెనకున్నవాళ్లకూ అడ్డం. ఎండ కాస్తున్నా సరే స్వెటర్ ఉండాలి. రెండు గంటలు కదలకుండా నిలబడితే చలి కాళ్ల నుంచి పైకి పాకుతుంది, మందపాటి మేజోళ్లు మరిచిపోవద్దు.

చిల్లర డబ్బులు ముఖ్యం. కార్డు తీసుకునే క్లబ్బులు పెరిగాయి గానీ, కొండల మధ్య సిగ్నల్ లేకపోతే ఆ మెషీన్ పనిచేయదు. పల్లెల్లో బ్యాంకులు, ఏటీఎంలు కూడా తగ్గిపోయాయి, పట్టణంలోనే తీసుకుని వెళ్లండి. మ్యాప్ ఫోన్‌లో దింపుకోండి. మైదానాల పేర్లు జీపీఎస్‌కు తెలియకపోవచ్చు, పోస్ట్‌కోడ్ కొట్టండి.

శాకాహారులు పులిహోర డబ్బా ఒకటి పెట్టుకోవడం మంచిది. చిన్న మైదానాల్లో దొరికేవి మాంసం పైలు, సాసేజ్ రోల్స్, బర్గర్లు. మీ పాలిట చిప్స్, చాక్లెట్లు.

6. గేటు నుంచి హాఫ్ టైమ్ దాకా

కిక్ఆఫ్‌కు గంట ముందు చేరుకోండి. అసలు సంగతంతా ఆ గంటలోనే ఉంటుంది. ఒకరు మూలల్లో జెండాలు పాతుతుంటారు, ఒకరు గోల్ నెట్ కొక్కేలు సరిచేస్తుంటారు, ఒకరు తెల్ల గీత మళ్లీ గీస్తుంటారు. ఇందులో ఎవరికీ జీతం లేదు. ఆ సమయంలో ఖాళీగా నిలబడ్డ కొత్త మనిషిని ఎవరో ఒకరు తప్పకుండా పలకరిస్తారు. మ్యాచ్ మొదలయ్యాక వాళ్లకు తీరిక ఉండదు.

గేటు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక్కోచోట చిన్న గుడిసె, ఒక్కోచోట మడత కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, ఒళ్లో నాణేల డబ్బా. అర్డాల్ స్థాయిలో మూడు నుంచి ఐదు పౌండ్లు, కింద రెండు, మూడు. అట్టడుగు లీగుల్లో టికెటే ఉండదు, బకెట్ తిప్పుతారు. కమ్రీ ప్రీమియర్ అయితే పది పౌండ్లకు అటూ ఇటూ. ఐదు పౌండ్ల నోటు ఇచ్చి చిల్లర వద్దంటే క్లబ్‌కు నిజంగా సాయం. రిఫరీ ఫీజు, జెర్సీల ఉతుకు, గడ్డి కోత, అన్నీ ఈ డబ్బా నుంచే రావాలి. అచ్చు వేసిన ప్రోగ్రామ్ ఉంటే అడిగి తీసుకోండి, చాలా క్లబ్బులు మానేశాయి.

రాఫెల్ (చిన్న లాటరీ) టికెట్లు అమ్మడానికి ఎవరో వస్తారు. ఒక వరస కొనండి. గెలిస్తే వచ్చేది ఒక సీసానో, పోగైన డబ్బులో సగమో. ఆ సగాన్ని మళ్లీ క్లబ్‌కే ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. మీరలా చేస్తే చప్పట్లు ఖాయం.

ఎక్కడ నిలబడాలంటే, కట్టిన రెయిలింగ్‌కు ఇవతల ఎక్కడైనా. రెయిలింగ్ లేని చోట తాడు కడతారు, అదీ లేకపోతే గీతకు రెండు మీటర్లు వెనక్కి. కింది లీగుల్లో గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తేది ఏదో ఒక క్లబ్ మనిషే. అతని దారికి అడ్డం నిలబడొద్దు, అతని ఆఫ్‌సైడ్ నిర్ణయాల మీద వాదన అసలే పెట్టుకోవద్దు, ఆ పని చేయడానికి ఊరివాళ్లు సరిపోతారు. నాకు నచ్చే చోటు వచ్చిన జట్టు గోల్ వెనక ఒక పక్కగా. గోల్‌కీపర్ తన డిఫెండర్లను తిట్టే తిట్లు స్పష్టంగా వినపడతాయి. బంతి మీ వైపు వస్తే చేత్తో తీసి విసరండి. అందరూ చూస్తున్నారని వాలీ కొట్టబోతే అది వాగులో పడుతుంది, ఆ తర్వాత వెతకాల్సింది మీరే.

హాఫ్ టైమ్ విజిల్ కన్నా రెండు నిమిషాల ముందే టీ గుడిసె వైపు కదలండి. విజిల్ పడ్డాక క్యూ పెరిగిపోతుంది. ఆవిరికి మసకబారిన కిటికీ, లోపల ఇద్దరు ముగ్గురు, పెద్ద కెటిల్, గోడకు చేత్తో రాసిన ధరల పట్టిక. కాగితం కప్పులో టీ బ్యాగు వేసి వేణ్నీళ్లు పోసి ఇస్తారు, పాలూ చక్కెరా పక్క బల్ల మీద మనమే కలుపుకోవాలి. ఇరానీ చాయ్ అలవాటైన నోటికి చప్పగా ఉంటుంది గానీ, ఆ చలిలో కప్పు వేళ్లకు తగలడమే చాలు. బరా బ్రిత్ అనే ఎండు పళ్ల రొట్టె ముక్క కనపడితే వదలొద్దు.

7. భాష దగ్గర

అక్కడివాళ్లందరికీ ఇంగ్లిష్ వచ్చు, మీతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. మీరు రాగానే భాష మార్చేస్తారు, పక్కకు తిరిగి మళ్లీ వెల్ష్‌లోకి వెళ్లిపోతారు. మనల్ని దాచి మాట్లాడుతున్నారేమో అనుకోవాల్సిన పనిలేదు. బెంగళూరు ఆఫీసులో ఇద్దరు తెలుగువాళ్లం కలిస్తే మనం చేసేదే అది. వెల్ష్ మాట్లాడి వినిపించమని అడగడం, పొడుగాటి ఊరి పేరు పలకమని నవ్వడం, అక్షరాల గురించి జోకులేయడం, ఇవి వాళ్లు చిన్నప్పటి నుంచి విని విసిగిపోయినవి.

నాలుగు మాటలు వస్తే చాలు. మధ్యాహ్నం పలకరింపుకు 'ప్‌నౌన్ డా'. థాంక్స్‌కు 'డియోల్ఖ్', చివర గొంతు గీరినట్టు. ఉత్తరాదిన టీని 'పనడ్' అంటారు. మంచి ఆట ఆడితే 'డా యౌన్'. ఊరి పేర్ల మొదట వచ్చే 'ల్ల' కోసం నాలుకను 'ల' స్థానంలో పెట్టి గాలి ఊదండి. రాకపోతే ఊరి పేరు ఫోన్‌లో చూపిస్తే డ్రైవర్‌కు తెలుస్తుంది. అక్కడ నిలబడి 'ఇక్కడ ఇంగ్లండ్‌లో' అని మాత్రం నోరు జారొద్దు. మనకు అలవాటులో వచ్చేస్తుంది, వాళ్లకు గుచ్చుకుంటుంది. మాట కలపడానికి ప్రీమియర్ లీగులో ఏ జట్టు అని అడగండి. ఉత్తర వేల్స్‌లో లివర్‌పూల్, ఎవర్టన్, మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు కోకొల్లలు. 2016 యూరో సెమీఫైనల్, 64 ఏళ్ల తర్వాత 2022లో ఆడిన ప్రపంచ కప్ కూడా మంచి సరుకే.

8. ఫొటోలు

కొండలు, మైదానం, ఆట, ఎన్నైనా తీసుకోండి. పిల్లలు కనపడే ఫొటోలు నెట్‌లో పెట్టొద్దు. డ్రోన్ ఎగరేయాలంటే క్లబ్‌ను ముందే అడగాలి, పక్క పొలంలో ఈనే గొర్రెలు ఉంటే అడగనే వద్దు. వచ్చాక క్లబ్‌ను ట్యాగ్ చేసి రెండు మంచి ఫొటోలు పెడితే సంతోషిస్తారు.

9. చివరి విజిల్ తర్వాత

క్లబ్‌హౌస్ ఉంటే లోపలికి వెళ్లండి. లేకపోతే జట్లు రెండూ ఊరి పబ్‌కు వెళ్తాయి. అక్కడ రెండు జట్లకూ తిండి పెట్టడం ఆనవాయితీ, ఆ ట్రేలు ఆటగాళ్లవి. పిలిస్తేనే చెయ్యి పెట్టండి. మందు తాగని వాళ్లు నిమ్మరసం సోడా తెచ్చుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

రాత్రి ఉండేట్టయితే ఊరి మనుషులు నడిపే లాడ్జిలోనో పబ్ పైగదిలోనో దిగండి, బయటివాళ్లు కొనిపెట్టిన సెలవు ఇంట్లో వద్దు. నెవిన్ వైపు వెళ్తే ల్లిత్‌వైన్ ఊళ్లో తవార్న్ అ విక్ చూడండి. మూతపడబోయిన పబ్‌ను 1988లో ఊరివాళ్లే చందాలేసుకుని కొని నడుపుతున్నారు. ఆ కిందే సముద్రం అంచున నాంట్ గుర్‌థేర్న్, ఖాళీ అయిపోయిన క్వారీ ఊరిని బాగుచేసి వెల్ష్ నేర్పే కేంద్రంగా మార్చారు. ఆదివారం పొద్దునకు అది సరిపోతుంది.

తిరిగి వెళ్లిపోయేవాళ్లకు ఒక్కటే టెన్షన్, బస్సు. రెండున్నరకు మొదలైన మ్యాచ్ నాలుగున్నర దాకా సాగుతుంది, గాయాలైతే ఇంకా ఆలస్యం. పల్లెల్లో సాయంత్రం ఆరు దాటితే బస్సులు బాగా పలచబడతాయి, ఆదివారం కొన్ని దారుల్లో అసలుండవు. యాప్‌లో పిలిస్తే వచ్చే క్యాబ్‌లు అక్కడ లేవు. దగ్గరి పట్టణంలోని టాక్సీ నంబరు ముందే రాసిపెట్టుకుని, మధ్యాహ్నం దిగగానే ఫోన్ చేసి సాయంత్రానికి చెప్పి ఉంచండి. శనివారం రాత్రి అప్పటికప్పుడు పిలిస్తే ఉన్న ఒక్క బండీ పెళ్లి పార్టీకో, కేర్నార్వన్‌కో పోయి ఉంటుంది.